ఆల్కో ఇంజన్ నల్లపొగ కథ

ఒరే శ్రీనూ,

మన చిన్నప్పుడు రైలు కదలగానే డీజిల్ ఇంజన్ అంత నల్లటి పొగ ఎందుకు కక్కేదని అడిగావు కదా. ఫోన్లో చెప్తే తెగదు, తీరిగ్గా రాస్తున్నా.

అవి డబ్ల్యూడీఎం-2 ఇంజన్లు. అమెరికాలోని ఆల్కో కంపెనీ డిజైన్. 1962లో మొదటివి అక్కడి నుంచే వచ్చాయి, 1964 నుంచి వారణాసిలో మనమే చేసుకున్నాం. 16 సిలిండర్లు, 2600 హార్స్‌పవర్. లోపలి డీజిల్ యంత్రమే నేరుగా చక్రాల్ని తిప్పుతుందని చాలామంది అనుకుంటారు. కాదురా! అది జనరేటర్‌ని తిప్పుతుంది. ఆ కరెంటుతో ఇరుసుకొకటి చొప్పున ఉన్న 6 మోటార్లు బండిని లాగుతాయి. ఆగి ఉన్న బండిని కదిలించే బలం డీజిల్‌కి నేరుగా లేదు, మోటారుకి మాత్రం మొదట్లోనే ఉంటుంది.

ఇక పొగ సంగతి. డ్రైవర్ హ్యాండిల్‌కి 8 నాచ్‌లు, అంటే శక్తి పెంచే మెట్లు. నాచ్ పెంచగానే సిలిండర్లలోకి డీజిల్ ఎక్కువ పడుతుంది. గాలిని తోసే టర్బో మాత్రం ఇంజన్ వదిలే వేడి వాయువుతోనే తిరుగుతుంది, అది వేగం అందుకోవడానికి కొన్ని సెకన్లు కావాలి. ఆలోపు గాలి చాలక డీజిల్ సరిగ్గా కాలదు, మసై పైకి లేస్తుంది. టర్బో అందుకున్నాక పొగ పల్చబడుతుంది. 1999లో వచ్చిన 4000 హార్స్‌పవర్ జనరల్ మోటార్స్ డిజైన్ ఇంజన్లలో, మొదట్లో టర్బోని ఇంజనే గేర్లతో తిప్పుతుంది. అందుకే అవి అంత పొగ వదలవు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైంది అరకు ఘాట్ సంగతి. కరెంటు లైను పడకముందు ఛత్తీస్‌గఢ్‌లోని కిరండూల్ నుంచి విశాఖకి ఇనుప ఖనిజం బళ్లని మూడేసి డీజిల్ ఇంజన్లు కట్టి నడిపేవాళ్లు. లోడుతో ఘాట్ దిగేటప్పుడు చక్రాల బ్రేకులనే నమ్ముకుంటే అవి కాలిపోతాయి. అక్కడ డైనమిక్ బ్రేకు వేస్తారు. లాగే మోటార్లే అప్పుడు జనరేటర్లవుతాయి, చక్రాలు వాటిని తిప్పలేక నెమ్మదిస్తాయి. పుట్టిన కరెంటు ఇంజన్ మీదున్న గ్రిడ్లలో, అంటే కరెంటుని వేడిగా మార్చే లోహపు పట్టీల్లో, వేడిగా పోతుంది. ఎంత తెలివైన ఏర్పాటో చూడు!

ఆల్కో 1969లోనే రైలింజన్ల తయారీ ఆపేసింది. మన వారణాసి మాత్రం ఆ డిజైన్‌నే మెరుగుపరుచుకుంటూ దశాబ్దాల పాటు వేలల్లో ఇంజన్లు చేసింది. ఆ కార్మికులకి దక్కాల్సిన పేరు దక్కలేదనే నా బాధ.

మీ పెదనాన్నగారు ఆ లైన్లో డ్రైవర్‌గా చేశారు కదా, ఘాట్లో డైనమిక్ బ్రేకు ఎక్కడ మొదలుపెట్టేవారో, వానాకాలంలో చక్రాలు జారితే ఏం చేసేవారో అడిగి వివరంగా రాయి.

నీ
రమణ