నాయనమ్మ తుంటి గురించి నువ్వడిగింది

హైదరాబాద్

చిన్నీ,

ఆ రోజు ఫోన్‌లో నువ్వన్న మాటకి జవాబు చెప్పలేకపోయాను. "ఇరవై ఏళ్లుగా ఎముకలు ఎందుకు అరుగుతాయనే కదమ్మా చూస్తున్నావు, ఇంట్లో ఉన్న నాయనమ్మ తుంటి విరగకుండా చూడలేకపోయావా?" అన్నావు. ఆసుపత్రి వరండాలో బిల్లు కాగితాలు పట్టుకుని నిలబడి ఉన్నాను. తర్వాత మాట్లాడతానని పెట్టేశాను. ఆ మిగిలిన మాట ఇప్పుడు రాస్తున్నాను.

ఆరో తరగతిలో నువ్వు కోడికాలు బొక్కని వెనిగర్‌లో వేసి నాలుగు రోజులు వంటగట్టు మీద పెట్టావు, గుర్తుందా? ఆ కంపుకి నాయనమ్మ ఇల్లంతా తిట్టుకుంటూ తిరిగింది. తీసి చూస్తే బొక్క రబ్బరులా వంగింది. గట్టిదనమిచ్చే ఖనిజం వెనిగర్‌లో కరిగిపోగా మిగిలిన పీచు అది. దాని పేరే కొల్లాజెన్. మన ఒంట్లో ఆస్టియోక్లాస్ట్ అనే కణం కూడా మొదట చేసేది అదే. ఎముక మీద కూర్చుని, అంచులు గట్టిగా అతికించుకుని, కింద దొరికిన కాస్త జాగాలోకి ఆమ్లం వదులుతుంది. ఖనిజం పోతుంది, పీచు ఉండిపోతుంది.

నా పని ఆ పీచు దగ్గర మొదలవుతుంది. కొల్లాజెన్ మూడు పాయల జడ. బడికి పోయేప్పుడు నాయనమ్మ నీకు వేసిన జడ కన్నా బిగుతు. మామూలు ఎంజైముల కత్తెర అందులోకి దిగదు. పాయా కోసం నాయనమ్మ రాత్రంతా సన్నసెగ మీద మేక కాళ్లు ఉడకబెట్టేది ఆ జడ విప్పడానికే. కాథెప్సిన్ కె అనే ఎంజైము అదే పనిని ఒంటి వేడిలోనే కానిచ్చేస్తుంది. జడని ఒక్కచోట కాదు, చాలా చోట్ల తెంపుతుంది. 1990ల మధ్యలో ఆస్టియోక్లాస్టుల్లో ఇది బయటపడినప్పుడు ఎముకలు గుల్లబారడానికి దొంగ దొరికాడనుకున్నారు. నేనూ అనుకున్నాను. ఈ రంగంలోకి వచ్చిందే ఆ హుషారుతో.

దొంగంటే సరిపోదని చెప్పే సాక్ష్యం 1996లోనే వచ్చింది. పిక్నోడిసోస్టోసిస్ అనే అరుదైన జబ్బు ఈ ఎంజైము జన్యువు చెడిపోవడం వల్లే వస్తుందని ఆ ఏడు తేలింది. ఆ పిల్లల ఎముకలు ఎక్స్‌రేలో తెల్లగా, దట్టంగా కనిపిస్తాయి. చూస్తే ఉక్కు అనిపిస్తుంది, చిన్న దెబ్బకే విరుగుతాయి. పారిస్ నాట్యశాలల పోస్టర్లు వేసిన తులూజ్-లోత్రెక్ ఉన్నాడే, పదమూడేళ్లకి ఒక తొడ ఎముక, పద్నాలుగేళ్లకి రెండోది విరిగి కాళ్లు ఎదగకుండా ఆగిపోయాయి. 1962లో ఈ జబ్బుని వర్ణించిన మారొటో, లామీ అనే ఫ్రెంచి డాక్టర్లే అతనిదీ ఇదే అయి ఉంటుందన్నారు. అతని నాయనమ్మా అమ్మమ్మా అక్కచెల్లెళ్లు. మన లెక్కలో ఆ అమ్మానాన్నలు అన్నాచెల్లెళ్ల వరస, పెళ్లి మాటే ఉండదు. అలాగని మనం మురిసిపోయేదేమీ లేదు, జన్యువులకి మేనరికమైనా ఒకటే, ఒకే చెడిన జన్యువు రెండు వైపుల నుంచీ బిడ్డకి చేరొచ్చు.

దట్టంగా ఉన్నదల్లా బలం కాదని నాకు అంతకుముందే తెలిసుండాలి. చిన్నప్పుడు నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు వెళ్తే వంగిన నడుములు చూసేదాన్ని. ఫ్లోరైడ్ నీళ్లు తాగి తాగి ఎముక గట్టిపడీ పెళుసైన మనుషులు. పాత ఎముకని తవ్వేవాడు లేకపోతే కొత్తది కట్టేవాడికి చోటుండదు. తవ్వడం ఎక్కువైతేనే ముప్పు. నెలసరి ఆగి ఈస్ట్రోజెన్ తగ్గాక ఆడవాళ్లలో జరిగేది అదే.

మా ల్యాబ్‌లో ఎముకని వెంట్రుక మందాన కోసి, దాని మీద ఈ కణాల్ని పెంచి, నీలం రంగు వేసి చూస్తాం. అవి తవ్విన గుంటలు చెరువు ఎండాక మిగిలిన గిట్టల గుర్తుల్లా కనిపిస్తాయి. ఎంజైముని ఆపే మందు వేస్తే గుంట లోతు తగ్గి, అడుగున తెగని పీచు మిగులుతుంది. మొదటిసారి అది చూసిన రోజు నీకు ఐస్‌క్రీమ్ కొనిపెట్టాను. ఎందుకో నీకు చెప్పలేదు.

తర్వాత ఒడానాకాటిబ్ వచ్చింది. ఈ ఎంజైముని ఆపడానికే మెర్క్ కంపెనీ చేసిన మందు. పదహారు వేలమందికి పైగా పెద్ద వయసు ఆడవాళ్ల మీద పరీక్షించారు. తుంటి విరగడం దాదాపు సగానికి తగ్గింది. కానీ పక్షవాతం ముప్పు పెరిగింది. 2016లో మందు మానేశారు. అంతకుముందు బాలికాటిబ్ అనే ఇలాంటి మందే చర్మం బిరుసెక్కి ఆగిపోయింది. ఈ ఎంజైముకి చర్మంలో, ఊపిరితిత్తుల్లో, థైరాయిడ్‌లో కూడా పనులున్నాయి. ఒక్క చెడ్డపని కోసం మనిషినే కట్టేస్తే మిగతా పనులు ఎవరు చేస్తారు? ఒడానాకాటిబ్ ఆగిన వార్త వచ్చిన వారం నేను ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదని మీ నాన్న ఇప్పటికీ అంటారు.

ఇప్పుడు ఆశ వేరే చోట ఉంది. ఈ కత్తెర ఒంటరిగా జడని కోయలేదు. ఎముకలో ఉండే కాండ్రాయిటిన్ సల్ఫేట్ అనే పొడవాటి చక్కెర గొలుసుతో జట్టు కడితేనే కోస్తుంది. విప్పిన పాయల్ని, వేరే ప్రొటీన్లని మాత్రం ఒంటరిగానే కోసుకుంటుంది. అంటే కత్తెర నోరు మూయక్కర్లేదు, ఆ జట్టుని విడగొడితే చాలు. వాంకూవర్‌లో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్లు చైనా వైద్యంలో వాడే ఎర్ర సేజ్ అనే మొక్క వేళ్లలోని టాన్షినోన్లు అనే పదార్థాలతో ఎలుకల్లో ఇది చేసి చూపించారు. మనుషుల దాకా రావడానికి ఇంకా చాలా దూరం ఉంది. నేనూ ఆ దారిలోనే ఉన్నాను.

ఇదంతా నిజమే కానీ నువ్వడిగింది ఇది కాదు.

నాయనమ్మకి డాక్టరు ఎముక అరుగుదల తగ్గించడానికి వారానికోసారి వేసుకునే అలెండ్రోనేట్ మాత్ర రాసి రెండేళ్లయింది. పరగడుపున మంచినీళ్లతో మింగాలి, అరగంట పడుకోకూడదు, ఏమీ తినకూడదు. అంత పద్ధతిగా వేసుకున్నా ఒంటికి పట్టేది నూటికి ఒక వంతు కూడా ఉండదు. ఆపరేషనయ్యాక నర్సు అడిగితే నాయనమ్మ చెప్పింది, "టీతో వేసుకుంటానమ్మా, ఉత్త నీళ్లతో నోరు చేదు." రెండేళ్లూ పాలు పోసిన టీతోనే. పాలలోని కాల్షియం ఆ మాత్రని ఎక్కడికక్కడ పట్టేసుకుంటుంది. నేను పొద్దున్నే బండి తీసి, ఎముక ముక్కల మీద గుంటలు కొలవడానికి వెళ్లిపోయేదాన్ని. ఆ టీ గ్లాసు రోజూ నా పక్కనే ఉండేది.

ఆ మాత్ర సరిగ్గా వేసుకుని ఉంటే విరిగేది కాదని నేను చెప్పలేను. బాత్‌రూమ్ గచ్చు తడిగా ఉంది, చీకటిగా ఉంది. కానీ నీ ప్రశ్నకి నా దగ్గరున్న నిజమైన జవాబు ఇదే, ఇంకెవరికీ చెప్పలేదు.

ఇప్పుడు వాకర్ పట్టుకుని హాలు దాకా వస్తోంది. ఆదివారం ఆరున్నరకి మాత్ర నేనే ఇస్తున్నాను, గ్లాసెడు నీళ్లతో. తర్వాత అరగంట కుర్చీలో కూర్చుని గడియారాన్నీ నన్నూ మార్చి మార్చి చూస్తూ టీ కోసం సణుగుతుంది. ఆ అరగంట నువ్వు ఫోన్ చెయ్యి. నీతో మాట్లాడుతుంటే టీ సంగతి మర్చిపోతుంది. ఏడు కొట్టే వరకూ పెట్టెయ్యకు.

అమ్మ