ఆశ్రమాల్లోని పెద్దలకీ, వాళ్లను చూసుకునేవాళ్లకీ కృతజ్ఞతలు

వృద్ధాశ్రమాల్లో ఉండే పెద్దవాళ్లు ఎందుకు జారి పడుతున్నారన్న విషయం మీద నేను చేస్తున్న పీహెచ్‌డీకి సమాచార సేకరణ పూర్తయింది. రాజమండ్రి చుట్టుపక్కల ఆశ్రమాల్లో సాయం చేసినవాళ్లందరికీ పేరుపేరునా దండం పెట్టాలని ఉంది. పేర్లు బయటపెట్టనని మాటిచ్చాను కాబట్టి ఇలా రాస్తున్నాను.

ముందుగా మేనేజర్ గారికి. నా అధ్యయనంలో చేరతారా అని పెద్దవాళ్లని అడిగేటప్పుడు, "నేను పక్కనుంటే వాళ్లు కాదనలేరమ్మా" అని ఆయనే గదిలోంచి వెళ్లి తలుపు దగ్గరకి వేసేవారు. అన్నం పెట్టే మనిషి ఎదురుగా ఉంటే ఇష్టం లేకపోయినా తలూపుతారు. ఇలాంటి సంస్థల్లో ఉండేవాళ్ల విషయంలో అదనపు జాగ్రత్త ఉండాలని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు చెప్పేది ఇందుకే. ఒప్పుకోలు పత్రం మీద వేలిముద్ర వేసేవాళ్లకి, అటూ ఇటూ సంబంధం లేని, చదువుకున్న సాక్షి కావాలి. ఎదురింటి రిటైర్డ్ పోస్టుమాస్టర్ గారు ఎండను లెక్కచేయకుండా వచ్చి కూర్చునేవారు. "ఆవిడకి అర్థం కాలేదు, మళ్లీ చెప్పమ్మా" అని నాతో ఎన్నిసార్లు చదివించారో!

ఆయమ్మ గారి రుణం తీర్చుకోలేనిది. కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చోవడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూసే పరీక్ష ఒకటుంది. నేల మీద రంగు టేపు అంటించింది ఆవిడే. కుర్చీ కదలకుండా గోడకి ఆనించింది ఆవిడే. ప్రతి మామ్మ గారి వెంటా, తాకకుండా, పడితే పట్టుకునేంత దగ్గరగా నడిచేది. ఎవరికి లేవగానే కళ్లు తిరుగుతాయో, ఎవరికి ఏ చెవి వినపడదో నా ఫారాల కంటే ముందు ఆవిడకే తెలుసు.

ఇక మీరు, పెద్దవాళ్లు. పడ్డామని చెబితే మంచం పట్టినవాళ్ల గదిలోకి మార్చేస్తారేమోనని చాలామంది దాచుకుంటారు. అయినా నన్ను నమ్మి చెప్పారు. ఒక మామ్మ గారు రాత్రిపూట బాత్రూమ్ గడప తట్టుకుని పడ్డ సంగతి కొడుక్కి కూడా చెప్పలేదట. మోచేతి మీద కమిలిన మచ్చ చూపించి, "రాసుకో, నా పేరు మాత్రం వద్దు" అన్నారు. ఆవిడ ఒప్పుకున్నాకే, ఎవరు పడ్డారో చెప్పకుండా గడప సంగతి మేనేజర్ గారికి చెప్పాను. ఇప్పుడక్కడ రాత్రంతా చిన్న లైటు వెలుగుతోంది.

"నాకు ఓపిక లేదమ్మా, రాను" అన్న తాతగారికీ, సగంలో "ఇక చాలు" అని లేచినవాళ్లకీ కూడా దండాలు. మీరు నిర్భయంగా వద్దనబట్టే, సరేనన్నవాళ్లు మనస్ఫూర్తిగా అన్నారని నాకు ధైర్యం. వద్దన్నవాళ్లని ఆ తర్వాత ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అందుకు సిబ్బంది అందరికీ కృతజ్ఞతలు.

థీసిస్ ఇంగ్లిష్‌లోనే ఉంటుంది. కానీ తేలిన విషయాలు తెలుగులో, పెద్ద అక్షరాల్లో రాసి, ముందు మీ హాల్లోనే చదివి వినిపిస్తాను. మీరు చెప్పినదాన్ని నేను వేరేగా రాశాననిపిస్తే అక్కడే చెప్పండి, మార్చాకే ముందుకి పంపుతాను.