పేటెంట్ లైసెన్సు: ధర చెప్పని బేరం

సంపాదకులకు నమస్కారం.

స్టార్టప్‌ల గురించిన వార్తల్లో ‘ఈ కంపెనీకి ఎన్ని పేటెంట్లు ఉన్నాయి’ అన్న లెక్క తరచూ కనబడుతుంది. ఇతరుల పేటెంట్లకు ఆ కంపెనీ ఎంత కట్టాల్సి వస్తుందన్న లెక్క మాత్రం అరుదు. సెల్యులార్, వైఫై, వీడియో కోడెక్ (వీడియోను కుదించి, తిరిగి విప్పే పద్ధతి) వంటివి వాడే ప్రతి పరికరానికీ ఈ బాకీ ఉంటుంది. నోటీసు వచ్చేదాకా చాలామంది వ్యవస్థాపకులకు అది తట్టదు.

పొరపాటు విడిభాగాల కొనుగోలు దగ్గరే మొదలవుతుంది. పేరున్న కంపెనీ మాడ్యూల్ (పరికరాన్ని నెట్‌వర్క్‌తో కలిపే రెడీమేడ్ రేడియో విడిభాగం) బిల్లుతో కొన్నాం కాబట్టి పేటెంట్ల సొమ్ము వాళ్లే కట్టి ఉంటారనుకుంటారు. లైసెన్సు ఉన్న తయారీదారు వస్తువును అమ్మగానే దాని మీద పేటెంటు హక్కు తీరిపోతుందన్న మాట నిజమే. కానీ తీరిపోయేది ఆ తయారీదారుకు లైసెన్సు ఇచ్చినవారి హక్కు మాత్రమే. సెల్యులార్ పేటెంట్లున్న పెద్ద కంపెనీలు చాలావరకు మాడ్యూల్ తయారీదారును వదిలేసి, చివరి పరికరాన్ని తన పేరుతో అమ్మేవారినే అడుగుతాయి. కారణం లెక్కలోనే ఉంది. 100 ఖరీదు చేసే పరికరంలో మాడ్యూల్ ఖరీదు 12 అనుకుందాం. ఒక శాతం రాయల్టీ అంటే మాడ్యూల్ మీద 0.12, పరికరం మీద 1. అంటే బ్యాటరీకీ, పైపెట్టెకూ, సెన్సర్లకూ కూడా రేడియో పేటెంటు సొమ్ము కట్టినట్టే. మాడ్యూల్ కొనేముందే ఒప్పందంలో ఇండెమ్నిటీ క్లాజు, అంటే పేటెంటు గొడవ వస్తే నష్టం ఎవరు భరించాలో చెప్పే షరతు, చదవాలి. ‘స్టాండర్డ్స్‌కు (వేర్వేరు కంపెనీల పరికరాలు కలిసి పనిచేయడానికి అందరూ పాటించే సాంకేతిక నియమాలకు) సంబంధించిన పేటెంట్లకు ఇది వర్తించదు’ అన్న మినహాయింపు తరచూ అందులోనే ఉంటుంది.

నోటీసు వచ్చాక ముందు చూడాల్సింది ఆ పేటెంటు బతికి ఉందా అని. గడువు మామూలుగా దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు. రెన్యువల్ ఫీజు కట్టకపోతే ముందే పోతుంది. అమెరికాలో ఆ ఫీజు మంజూరైన మూడున్నర, ఏడున్నర, పదకొండున్నర ఏళ్లకు కట్టాలి. తర్వాత, మనం తయారుచేసే, అమ్మే దేశాల్లో అది మంజూరైందా, నోటీసు పంపినవారి పేరే రిజిస్టర్‌లో యజమానిగా ఉందా చూడాలి. పేటెంటు శీర్షిక, సారాంశం చదివి బెంబేలెత్తనక్కర్లేదు. హక్కు ఉండేది క్లెయిముల్లోనే, అంటే ఏది తమ సొంతమో చెబుతూ పేటెంటులో అంకెలు వేసి రాసే వాక్యాల్లోనే. ఇండిపెండెంట్ క్లెయిములోని (వేరే క్లెయిము మీద ఆధారపడనిది) ఒక్క అంశం గానీ, దానికి సమానమైనది గానీ మన పరికరంలో లేకపోతే ఆ క్లెయిము మనకు తగలదు. అందుకే, ‘మా దగ్గర వేల పేటెంట్లున్నాయి’ అన్నవారిని ముఖ్యమైన నాలుగైదింటికి క్లెయిమ్ చార్టులు (క్లెయిములోని ఒక్కో అంశం ఎక్కడ సరిపోతుందో చూపే పట్టికలు) పంపమని రాతపూర్వకంగా అడగాలి. ఈలోగా ఇంజినీర్లు ‘ఇది అచ్చం మనం చేసినట్టే ఉందే’ అని మెయిళ్లు రాసుకోకూడదు. రేపు కోర్టులో అవే సాక్ష్యాలవుతాయి. ఉల్లంఘన ఉద్దేశపూర్వకమని తేలితే అమెరికాలో పరిహారాన్ని మూడింతల దాకా పెంచే వీలుంది.

జవాబివ్వకుండా ఊరుకోవడం అన్నిటికన్నా ప్రమాదం. చైనా టెలికాం కంపెనీలు హువావే, జెడ్‌టీఈల మధ్య కేసులో 2015లో ఐరోపా న్యాయస్థానం ఎవరు ఏ వరుసలో ఏం చేయాలో చెప్పింది: యజమాని నోటీసు, లైసెన్సుకు సిద్ధమన్న జవాబు, రాయల్టీ ఎలా లెక్కగట్టారో చూపే రాతపూర్వక ప్రతిపాదన, అది నచ్చకపోతే సకాలంలో ఎదురు ప్రతిపాదన. కాలయాపన చేసినవారి మీద అమ్మకాల నిషేధం అడగవచ్చు.

ఇంతా చేసి, అడిగిన రేటు న్యాయమైనదో కాదో తేల్చుకునే దారి చిన్న కంపెనీకి లేదు. స్టాండర్డ్‌లో భాగమైన పేటెంటును న్యాయమైన, సహేతుకమైన, వివక్ష లేని షరతుల మీద ఇస్తామని యజమానులు మాట ఇస్తారు. దీన్నే ఫ్రాండ్ అంటారు. కానీ పక్కవాడు ఎంత కట్టాడో గోప్యతా ఒప్పందాల చాటున ఉండగా వివక్ష లేదని తెలిసేదెలా? పైగా ‘మా పేటెంటు ఈ స్టాండర్డ్‌కు తప్పనిసరి’ అని ఎట్సీ (ఐరోపా టెలికాం స్టాండర్డ్స్ సంస్థ) వంటి సంస్థ దగ్గర ప్రకటించేది యజమానే. అది నిజమో కాదో ఆ సంస్థ పరిశీలించదు. చెల్లదని సవాలు చేద్దామంటే, అమెరికాలో ఇంటర్ పార్టీస్ రివ్యూకు (పేటెంటు చెల్లదని పేటెంట్ ఆఫీసులోనే వేసే సవాలుకు) ఆఫీసు ఫీజే 40,000 డాలర్లు దాటుతుంది. లాయర్లు, నిపుణుల ఖర్చు వేరే. ఏడాదికి 3,000 పరికరాలు అమ్మే కంపెనీ అడిగినంతా కట్టేస్తుంది, లేదంటే ఆ ఉత్పత్తిని ఆపేస్తుంది.

ఇది మార్చలేనిదేమీ కాదు. హెచ్.264 అనే వీడియో స్టాండర్డ్ పేటెంట్ పూల్ (పలువురి పేటెంట్లకు ఒకేచోట లైసెన్సు ఇచ్చే ఏర్పాటు) రేట్లను బాహాటంగా ప్రకటించింది, పేటెంట్లను స్వతంత్ర నిపుణులతో పరిశీలింపజేసింది, ఏడాదికి మొదటి 1,00,000 యూనిట్లకు రాయల్టీ లేదంది. దాని తర్వాత వచ్చిన హెచ్‌ఈవీసీకి ఒకటికి మూడు పూల్స్ పుట్టి ఎవరికెంత కట్టాలో తెలియకుండా పోయిందనుకోండి, అది వేరే కథ. ఐరోపా కమిషన్ 2023 ఏప్రిల్‌లో ఇలాంటి పేటెంట్లకు రిజిస్టర్, నమూనా తనిఖీలు, చిన్న సంస్థలకు సాయం ప్రతిపాదించింది. పెద్ద యజమానులు గట్టిగా వ్యతిరేకించారు. సభ్యదేశాల మధ్య ఏకాభిప్రాయం కుదరదని 2025లో కమిషనే దాన్ని వెనక్కి తీసుకుంది.

ఆ పనిని స్టాండర్డ్స్ సంస్థలే తలకెత్తుకోవాలి. తప్పనిసరి అని ప్రకటించే ప్రతి పేటెంటుకూ కనీసం ఒక క్లెయిమ్ చార్టు, గరిష్ఠ రేటు ప్రకటన సమయంలోనే తీసుకోవాలి. ఏడాదికి నిర్ణీత సంఖ్య లోపు అమ్మేవారికి రాయల్టీ ఉండదన్న షరతును ఫ్రాండ్ మాటలోనే చేర్చాలి.

ఇట్లు,
ఎలక్ట్రానిక్ ఉత్పత్తుల లైసెన్సు ఒప్పందాలు చూసే ఒక పాఠకుడు