మహాలక్ష్మి రేసుకోర్సుకి వెళ్తావా, అయితే ఇది చదువుకొని వెళ్లు

ధర్మాబాద్

ఒరేయ్ శీనూ,

నీ మెసేజ్ చూశాను. ఫిబ్రవరిలో బొంబాయి వెళ్తున్నావు, వర్లీలో మీ పెద్దమ్మ వాళ్లింట్లో దిగుతున్నావు, ఆదివారం ఖాళీ, రేసుకోర్సులోకి మనలాంటివాళ్లని రానిస్తారా అని కదా అడిగావు. టికెట్ కొంటే ఎవరినైనా రానిస్తారు రా. సూట్లూ టైలూ మెంబర్ల వైపు, మన పబ్లిక్ స్టాండ్‌కి ప్యాంటూ చొక్కా చాలు. ఫోన్‌లో చెప్తే అన్నిటికీ ఊ ఊ అని తర్వాత ఒక్కటీ గుర్తుపెట్టుకోవు కాబట్టి రాసి పంపిస్తున్నా.

నువ్వు నిజామాబాద్‌లో దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కు, పొద్దున్నకి బొంబాయి. వర్లీ నుంచి రేసుకోర్సు దగ్గరే, కానీ రేసులున్న రోజు ట్రాఫిక్‌లో టాక్సీ పెట్టుకుంటే మీటర్ తిరుగుతూనే ఉంటుంది, బండి కదలదు. లోకల్‌లో వెళ్తే మహాలక్ష్మి స్టేషన్‌లో దిగాలి, అక్కడ స్లో బండ్లే ఆగుతాయి, ఫాస్ట్ ఎక్కావంటే ఏకంగా బాంబే సెంట్రల్‌లో తేలతావు.

నీ ఆదివారం ఫిబ్రవరి మొదటి ఆదివారమే అయితే నీ పంట పండినట్టే, ఇండియన్ డెర్బీ అనే పెద్ద పందెం మామూలుగా ఆ రోజే పెడతారు. మొదటి డెర్బీ 1943లో జరిగింది, గెలిచింది బరోడా మహారాజా వారి ఆడగుర్రం ప్రిన్సెస్ బ్యూటిఫుల్. 2,400 మీటర్ల పరుగు, రెండున్నర నిమిషాల్లో అయిపోతుంది. నాలుగేళ్ల గుర్రాలకే అర్హత, అంటే ఏ గుర్రానికైనా జన్మలో ఒక్కసారే ఛాన్స్. ఇంకో తమాషా ఏంటంటే గుర్రం ఎప్పుడు పుట్టినా సరే లెక్కకి జనవరి 1నే దాని పుట్టినరోజు, మన బడిలో సార్లు పిల్లలందరికీ జూన్ ఒకటి రాసేసినట్టు. డెర్బీ రోజు జనం మాత్రం విపరీతం, టోపీలు పెట్టుకుని ఫొటోలు దిగేవాళ్లే సగం మంది. గుర్రాల్ని తీరిగ్గా చూడాలంటే మామూలు రేసు రోజే నయం అని నేనంటాను. సీజన్ నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా. వానాకాలం వచ్చేసరికి గుర్రాలూ జాకీలూ అంతా పుణెకి మకాం మారుస్తారు, అక్కడి కోర్సు 1830 నాటిది, మిలిటరీ వాళ్ల స్థలంలో ఉంది.

బొంబాయిలో పందేలు మొదలైంది మహాలక్ష్మిలో కాదు, బైకుల్లాలో, 1802 ప్రాంతంలో. పక్కనే కామాఠిపుర. మన వైపు నుంచి మట్టిపనికీ రాతిపనికీ వలస వెళ్లిన కామాఠీల పేరు మీదే ఆ పేటకి ఆ పేరు. దొరలు గుర్రాలు పరిగెత్తిస్తుంటే మనవాళ్లు పక్కనే తట్టలు మోశారన్నమాట. 1883లో ఇప్పుడున్న చోటికి మార్చారు. 1935లో ఈ రేసులు నడిపే క్లబ్బు పేరు ముందు రాజుగారి ‘రాయల్’ తగిలింది, దేశానికి స్వాతంత్ర్యం వచ్చినా అది మాత్రం ఊడలేదు.

ఇక అసలు సంగతి. అందరూ కౌంటర్ల దగ్గర తోసుకుంటూ ఉంటారు, నువ్వు ప్యాడక్ దగ్గరికి పో. ప్రతి రేసుకీ ముందు గుర్రాల్ని అక్కడ గుండ్రంగా తిప్పుతారు. రెయిలింగ్ పట్టుకుని నిలబడితే కళ్లెం పట్టుకున్న సాయిసు గుర్రం చెవిలో ఏదో గొణగడం కూడా తెలుస్తుంది. చర్మం ఎంత పల్చగా ఉంటుందంటే మెడ మీద నరాలు లెక్కపెట్టొచ్చు. కొన్ని చెవులు నిక్కబొడుచుకుని నిమ్మళంగా నడుస్తాయి, కొన్నిటికి తొడల మధ్య చెమట తెల్లగా నురగ కట్టి ఉంటుంది, పరిగెత్తకముందే సగం అలిసిపోయాయన్నమాట. మన మాలెగావ్ ఖండోబా జాతరలో గుర్రాలు కొనే బేరగాళ్లు ముందు సుడులు చూస్తారు, తర్వాత నోరు తెరిచి పళ్లు చూస్తారు, గుర్తుందా? ఇక్కడ సుడి గిడి ఎవడికీ పట్టదు, నడక చూస్తారు, వంశం చూస్తారు. వంశం దగ్గర మాత్రం మన పెళ్లి సంబంధాలవాళ్లు కూడా చాలరు.

జాకీల్ని జీనుతో సహా తూకం వేస్తారు. హ్యాండిక్యాప్ రేసుల్లో బాగా పరిగెత్తే గుర్రానికి ఎక్కువ బరువు పెడతారు, జాకీ బరువు దానికి తక్కువైతే సీసం ముక్కలు పెట్టి సరిచేస్తారు. అందుకే నిరుడు సులువుగా గెలిచింది ఈసారి ఆఖరి వంద మీటర్లలో చతికిలబడుతుంది. పేపర్లో పేరు చూసి డబ్బు పెట్టేవాడికి ఈ లెక్క అందదు. రేసయ్యాక మళ్లీ తూస్తారు, తేడా వచ్చిందా, గెలుపు పోయినట్టే.

పందెం కాయాలా వద్దా అన్నావు. ఇది నైపుణ్యం ఆటే, ఉత్త జూదం కాదని సుప్రీంకోర్టు 1996లో చెప్పింది. నిజమే కానీ ఆ నైపుణ్యం నీకూ నాకూ ఎక్కడిది? పైగా 2025 సెప్టెంబర్ నుంచి పందెం మీద జీఎస్టీ 40 శాతం. టోట్‌లో, అంటే రేసుకోర్సు వాళ్ల పందెం కౌంటర్లో, అందరి డబ్బూ ఒకచోట చేరుతుంది, కోతలు పోగా మిగిలిందే గెలిచినవాళ్లు పంచుకుంటారు. సరదాకి ఒక చిన్న టికెట్, అదీ ‘ప్లేస్’ మీద, అంటే నీ గుర్రం మొదటి రెండు మూడు స్థానాల్లో వచ్చినా ఎంతో కొంత వస్తుంది. వరసగా కొన్ని రేసుల్లో గెలిచే గుర్రాల్ని ముందే చెప్పాల్సిన జాక్‌పాట్ జోలికి పోకు. మా పెద్దమామ వర్లీ మిల్లులో ఉన్నప్పుడు జీతం రోజు ఆ స్టాండ్‌కే వెళ్లేవాడు, అత్తమ్మ గేటు దగ్గర కాపలా కాసేది, మిగిలిన కవర్ లాక్కోడానికి. 1982 సమ్మెలో మిల్లు పోయింది, దాంతో రేసులూ పోయాయి. అత్తమ్మ ఇప్పటికీ ‘సమ్మె వల్ల ఆ ఒక్క మేలు జరిగింది’ అంటుంది.

పాత స్టాండ్లు కూడా నిదానంగా చూడు, హెరిటేజ్ జాబితాలో ఉన్నాయి. 2024లో సర్కారు 120 ఎకరాలు పార్కుకి తీసుకుంది, క్లబ్బుకి 91 మిగిలాయి. పార్కు వద్దని నేననను, బొంబాయిలో పిల్లలు ఆడుకోడానికి చోటెక్కడుంది? కానీ పనులు పెరిగి ఆ విశాలం ముక్కలు కాకముందే చూడాలి.

వదిన కూడా వస్తే టోపీ, నీళ్ల బాటిల్ పెట్టుకోండి, మధ్యాహ్నం ఎండ ముఖం మీదే కొడుతుంది. టికెట్ ఎప్పుడు బుక్ చేస్తున్నావో చెప్పు, నాకూ సెలవు దొరికితే ధర్మాబాద్‌లో అదే బండి ఎక్కుతా. మీ పెద్దమ్మని అడిగానని చెప్పు.

నీ,
రవి