మూడు మిల్లీమీటర్లు: క్రీడల మంత్రి గారికి ఒక లేఖ

ఆంధ్రప్రదేశ్ క్రీడల శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

మా ఊరి వెయిట్‌లిఫ్టింగ్ సెంటర్‌లో బార్, అంటే బరువు ప్లేట్లు తగిలించి ఎత్తే కడ్డీ, ఒక్కటే ఉందండీ. అది మగవాళ్ల బార్. బరువు 20 కిలోలు, పట్టుకునే చోట మందం 28 మిల్లీమీటర్లు. ఆడవాళ్ల పోటీల్లో వాడేది 15 కిలోలు, 25 మిల్లీమీటర్లు. మూడు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది. కానీ బొటనవేలిని బార్ చుట్టూ తిప్పి, దాని మీదుగా మిగతా వేళ్లు మూసి పట్టుకోవాలి. హుక్ గ్రిప్ అంటాం. పదమూడేళ్ల పిల్ల చేతికి లావు బార్ మీద ఆ పట్టు అందదు. మా అమ్మాయి బొటనవేలికి టేపు చుట్టుకుని వెళ్తుంది, చర్మం లేచిపోయి వస్తుంది. జిల్లా పోటీల్లో మొదటిసారి సన్న బార్ పట్టుకుని తడబడింది. అలవాటు లేదు మరి!

దీని కోసం మంత్రికి లేఖా అని నవ్వకండి. నేనూ ఒకప్పుడు బరువులెత్తిన వాణ్ణే, జిల్లా దాటలేదు గానీ. ఈ ఆటలో చిన్న తేడా ఎంత పెద్దదో సిడ్నీలో చూశాం. 2000లో ఆడవాళ్ల వెయిట్‌లిఫ్టింగ్‌కి ఒలింపిక్స్‌లో తొలిసారి చోటిచ్చారు. అప్పటికే 1994, 95లలో ప్రపంచ చాంపియన్ అయిన మన శ్రీకాకుళం కరణం మల్లీశ్వరి గారు 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో (ఒకే ఊపులో తల పైకి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు భుజాల దాకా, తర్వాత తల పైకి) 130, రెండూ కలిపి 240 కిలోలు ఎత్తారు. స్వర్ణం 242.5కి వెళ్లింది. అంటే బార్‌కి చెరో పక్క 1.25 కిలోల ప్లేటు, అంతే. ఆఖరి ప్రయత్నంలో 137.5 పెట్టించారు, నిలవలేదు. ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారతీయ మహిళ అని సంబరపడ్డాం, పడాల్సిందే. లిఫ్టర్లు నలుగురు కూర్చుంటే మాత్రం ఇప్పటికీ ఆ రెండున్నర కిలోల మీదికే మాట వెళ్తుంది.

వీరఘట్టం కోడి రామ్మూర్తి నాయుడు గారి కాలం నుంచీ మా వైపు బలం అంటే మోజే. మా జిల్లా కొండవెలగాడ అమ్మాయి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్‌లో 53 కిలోల విభాగంలో కాంస్యం గెలిచింది. స్వర్ణం గెలిచిన నైజీరియా అమ్మాయి ఆ తర్వాత డోప్ పరీక్షలో దొరకడంతో సంతోషిది రజతమైంది. దొరికిన పిల్లకి పదహారేళ్లు! అందుకే పిల్లలకి ప్రోటీన్ పౌడర్ డబ్బా కొనిచ్చే ముందు, అందులో నిషేధించిన మందు ఉందేమో ఎవరిని అడగాలో తల్లిదండ్రులకి చెప్పే మనిషి ఒకరు జిల్లాకి కావాలి.

పతకం వచ్చాక శాలువా, చెక్కు ఎలాగూ ఇస్తారు. స్టువర్టుపురం రాహుల్ 2018 కామన్వెల్త్‌లో రెండు లిఫ్టులూ కలిపి 338 కిలోలు ఎత్తి స్వర్ణం తెచ్చాడు, అందరం చప్పట్లు కొట్టాం. నేనడిగేది అంతకు ముందు సంగతి. ఆడపిల్లలు ప్రాక్టీస్ చేసే ప్రతి సెంటర్‌కీ ఒక 15 కిలోల బార్, కింద పడేసినా నేల పగలని రబ్బరు ప్లేట్లు, కోచ్‌కి నెలనెలా జీతం. మా కోచ్‌కి జీతం ఎప్పుడొస్తుందో ఆయనకే తెలియదు. అయినా పొద్దున్నే అయిదింటికి తాళం తీస్తారు.

రాష్ట్ర పోటీలు దగ్గర పడుతున్నాయి. అప్పటిదాకా మా అమ్మాయికి ఆ లావు బారే గతి.

ఇట్లు,
ఒక లిఫ్టర్ తండ్రి,
విజయనగరం జిల్లా