నొప్పి బొమ్మ గీసిచ్చిన మాస్టారికి, మందుల షాపు అన్నకు, సంగటి గెలికిన మగవాళ్లకు: అనంతపురం నుంచి కృతజ్ఞతలు

రొమ్ము క్యాన్సర్ వైద్యం ముగిశాక కూడా ఒళ్ళునొప్పులు వదలని ఆడవాళ్ల కోసం ఆరు వారాల పాటు నడిపిన వ్యాయామ తరగతులకు సాయం చేసిన అందరికీ మా బృందం తరఫున నమస్కారం. పేర్లు రాయొద్దని చాలామంది అన్నారు కాబట్టి రాయడం లేదు. చేసిన పనిని బట్టి ఎవరికి వాళ్లు గుర్తుపడతారు.

అందరికన్నా ముందు డ్రాయింగ్ మాస్టారికి. ముందు వైపు ఒకటి, వెనక వైపు ఒకటి మనిషి ఆకారం గీసి, దాని మీద 19 చోట్లు గుర్తు పెట్టిచ్చారు. "ఎక్కడ నొప్పమ్మా?" అని అడిగితే "ఒళ్ళంతా" అన్న జవాబే వస్తుంది. దాంతో వైద్యం ముందుకు పోదు. గడిచిన వారంలో నొప్పెట్టిన చోటల్లా పెన్సిల్‌తో నింపమంటే మాత్రం కాగితం మీద తేడా తేలుతుంది. ఆపరేషన్ అయిన పక్కనే చంక, ఎదగోడ, జబ్బ లోపలి వైపు నిండి, పైట కొంగు తగిలినా మంటపుడుతోందంటే అది చంకలో గడ్డలు తీసేటప్పుడు దెబ్బతిన్న నరం నొప్పి కావచ్చు. క్యాన్సర్ తిరగబెట్టకుండా రోజూ వేసుకునే లెట్రోజోల్ మాత్ర మొదలుపెట్టిన రెండు మూడు నెలల్లో రెండు చేతుల వేళ్లు, మోకాళ్లు పొద్దున లేవగానే బిగుసుకుపోతుంటే ఆ మాత్రను అనుమానించాలి. అది వాడేవాళ్లలో సుమారు సగం మందికి కీళ్లనొప్పులు వస్తాయి. అరికాళ్లు, వేళ్ల కొసలు తిమ్మిరెక్కి సూదులు గుచ్చినట్టుంటే అంతకుముందు ఎక్కించిన కీమో మందు పాక్లిటాక్సెల్ పని కావచ్చు. 19 చోట్లలో 7 గానీ అంతకు మించి గానీ నిండి, 3 నెలలు దాటి, ఎంత నిద్రపోయినా బడలిక తీరక, చేతిలో ఉన్న పనే మరిచిపోతుంటే డాక్టర్లు ఫైబ్రోమయాల్జియా (ఒళ్ళంతా నొప్పులు, బడలిక వదలని జబ్బు) గురించి ఆలోచిస్తారు. ఈ నాలుగూ ఒకే మనిషిలో కలిసి ఉండొచ్చు. ఒక్కోదానికి వైద్యం వేరు, అందుకే ఆ బొమ్మకు అంత విలువ.

ఆదివారాలు వదులుకుని వచ్చిన డాక్టర్లకు రెండు విషయాల్లో రుణపడి ఉన్నాం. ఒకటి, ఫైబ్రోమయాల్జియా అన్న మాటను వాళ్లు తొందరపడి వాడలేదు. థైరాయిడ్, విటమిన్ డి, హిమోగ్లోబిన్, కాల్షియం, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ (ఎముకల్లో తేడా ఉంటే పెరిగే ఎంజైము) చూశాకే మాట్లాడారు. క్యాన్సర్ వచ్చిన మనిషికి ఒకే ఎముకలో కొత్తగా నొప్పి పుట్టి, పడుకున్నా తగ్గక, రోజురోజుకూ పెరుగుతుంటే ముందు స్కాన్ తీయించాలి. నడుము నొప్పితో పాటు కాళ్లు పట్టు తప్పినా, మూత్రం రాకుండా ఆగిపోయినా ఆ పూటే ఆసుపత్రికి పోవాలి, తెల్లారేదాకా ఆగకూడదు. రెండోది, ఇంటివాళ్లను కూర్చోబెట్టి చెప్పిన మాట. రిపోర్టులన్నీ నార్మల్ వచ్చినంత మాత్రాన నొప్పి అబద్ధం కాదు. తిరునాళ్లలో మైకు శబ్దం పెంచితే గుసగుస కూడా అరుపులా వినబడుతుంది. ఫైబ్రోమయాల్జియాలో వెన్నుపాము, మెదడు నొప్పి సంకేతాన్ని అలాగే పెంచేస్తాయి. రక్తపరీక్షలో అది కనబడదు. ఈ ఒక్క మాటతో కొన్ని ఇళ్లలో "నాటకాలు" అనే మాట ఆగింది.

మందుల షాపు అన్న చేసింది చిన్న పనిలా కనిపిస్తుంది గానీ చాలా పెద్దది. మన జిల్లా వాళ్లలో చాలామందికి క్యాన్సర్ చీటీ బెంగళూరు కిద్వాయి క్యాన్సర్ ఆసుపత్రిలోనో హైదరాబాదులోనో రాస్తారు, నొప్పుల చీటీ ఇక్కడ రాస్తారు. ఒకటి రాసినవాళ్లు రెండోది చూడరు. అన్న ప్రతి ఒక్కరి దగ్గరా ఉన్న స్ట్రిప్పులన్నీ ఒకే సంచిలో తెప్పించి, ఒకే కాగితం మీద తెలుగులో రాసిచ్చారు. నరాల నొప్పికి, ఫైబ్రోమయాల్జియాకు, లెట్రోజోల్ కీళ్లనొప్పికి కూడా వాడే డ్యూలోక్సెటిన్ మంచి మందే. సాధారణంగా 30 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి వారం తర్వాత 60కి పెంచుతారు. మొదటి వారం వికారం ఉంటుంది, అన్నం తిన్నాక వేసుకుంటే తగ్గుతుంది. కానీ అది, రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టకుండా వాడే టామోక్సిఫెన్‌ను ఒంట్లో పనిచేసే రూపంలోకి మార్చే ఎంజైమును అడ్డుకుంటుంది. కాబట్టి టామోక్సిఫెన్ వాడేవాళ్లు క్యాన్సర్ డాక్టరును అడక్కుండా వేసుకోకూడదు. నొప్పి మాత్ర ట్రమడాల్‌తో కలిపితే ఇంకో ప్రమాదం: వణుకు, చెమటలు, జ్వరం, కంగారు. పేరు లేని పొట్లాల్లో అమ్మే "ఒళ్ళునొప్పుల పొడి"ని తన షాపులోకి రానివ్వనందుకు అన్నకు ఇంకో నమస్కారం. వాటిలో స్టెరాయిడ్ కలిసి ఉండొచ్చు. నాలుగు రోజులు హాయిగా ఉంటుంది, తర్వాత చక్కెర పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి.

లెట్రోజోల్ నొప్పులకు తాళలేక చెప్పాపెట్టకుండా మానేసేవాళ్లున్నారు. దయచేసి అలా చేయొద్దు. డాక్టరుకు చెబితే రెండు నుంచి నాలుగు వారాలు ఆపి చూసి, అదే అవసరానికి వాడే వేరే మాత్రకు, అంటే ఎక్సెమెస్టేన్‌కో, అనాస్ట్రోజోల్‌కో, టామోక్సిఫెన్‌కో మారుస్తారు. ఒకటి పడని మనిషికి ఇంకోటి పడొచ్చు.

ఫిజియోథెరపీ చెల్లెళ్లకు ఎంత చెప్పినా తక్కువే. గోడకు ఎదురుగా నిలబడి వేళ్లతో పైకి పాకడం, అందిన చోట చాక్‌పీసుతో గీత, 5 సెకన్లు ఆగి దిగడం, పూటకు 10 సార్లు. అర లీటరు నీళ్ల సీసాయే అర కిలో బరువు. నడక 5 నిమిషాలతో మొదలు, మూడు నాలుగు రోజులకు ఒక నిమిషం పెంపు. చివరికి వారానికి 150 నిమిషాల నడక, రెండు రోజుల బరువులు. దారి తప్పేది ఎక్కడంటే, ఒళ్ళు తేలిగ్గా ఉన్న రోజున. ఆ రోజు ఇరవై జొన్నరొట్టెలు తట్టి, బట్టలన్నీ పిండి, బస్తా కాయలు ఒలిచి, తర్వాత మూడు రోజులు మంచం పడతారు. బాగున్న రోజు కూడా లెక్క ప్రకారమే చేయాలని, మరుసటి పొద్దుటికీ నొప్పి దిగకపోతే ఒక మెట్టు మాత్రమే వెనక్కి రావాలని, పూర్తిగా మానకూడదని వాళ్లు ఓపిగ్గా మళ్లీ మళ్లీ చెప్పారు. మోచేతికి పైన 10 సెంటీమీటర్లు, కింద 10 సెంటీమీటర్ల దగ్గర టేపుతో రెండు చేతులూ కొలవడం కూడా నేర్పారు. ముందున్న కొలతకన్నా తేడా 2 సెంటీమీటర్లు పెరిగినా, గాజులు బిగుతైనా చూపించుకోవాలి. చెయ్యి ఎర్రబడి జ్వరం వస్తే అదే రోజు.

కుట్టుకూలి తీసుకోకుండా రవికలు కుట్టిచ్చిన టైలరమ్మకు: ముందు హుక్కులు, చంక దగ్గర వదులు, కుట్టు మడత లోపలికి కాకుండా బయటికి. ఆ మడత ఒరుసుకోవడమే కొందరికి రోజంతా మంట. రొమ్ము తీసేసిన వైపు పెట్టుకునే మెత్తలో ఉత్త దూది కూరితే తేలికై పైకి జారుతుందని, కొంచెం బరువు చేర్చింది కూడా ఆమే. రెండు పక్కలా బరువు సమానమైతే మెడ, భుజం పట్టేయడం తగ్గుతుంది.

హాలు ఇచ్చిన బడివాళ్లకు, ఎండలో ఎదురుచూసిన ఆటో అన్నలకు, ఉడకబెట్టిన శనక్కాయలు తెచ్చిన అమ్మలకు కృతజ్ఞతలు.

ఇక ఇళ్లలోని మగవాళ్లు. రాగిసంగటి గెలకడంలో భుజం మీద పడే భారం బిందె మోసినదానికి తక్కువేమీ కాదు. ముద్ద గట్టిపడేకొద్దీ కట్టె మీద బలం పెంచాలి, అదీ వేడి మీదే, ఆగకుండా. ఆరు వారాలు రోజూ ఆ కట్టె అందుకున్న భర్తలకు, కొడుకులకు, ఒక ఇంట్లో డెబ్బై దాటిన మామగారికి, మా అందరి నమస్కారం.