చౌమహల్లాకు నలభై నిమిషాలు చాలవు

తెలంగాణ రాష్ట్ర పర్యాటక, సాంస్కృతిక శాఖల మంత్రివర్యులకు,

నమస్కారములు.

మేము కరీంనగర్ ప్రాంతంలో పనిచేసి పదవీ విరమణ పొందిన ఉపాధ్యాయులం. మొన్నటి చలికాలంలో 42 మందిమి కలిసి బస్సు మాట్లాడుకుని రెండు రోజుల హైదరాబాదు యాత్రకు వచ్చాం. మేము కుదుర్చుకున్న యాత్రా సంస్థ (పేరు ఇక్కడ అనవసరం) రెండో రోజు ఒక్కదానిలోనే చార్మినారు, చౌమహల్లా, సాలార్‌జంగ్ మ్యూజియం, గోలకొండ పెట్టగా, చౌమహల్లా వంతుకు వచ్చినవి నలభై నిమిషాలు.

నిజాముల వంశానికి చెందిన సలాబత్ జంగ్ 1750లో మొదలుపెట్టించగా, అయిదో నిజాం అఫ్జలుద్దౌలా కాలంలో, అంటే 1857, 1869 మధ్య పూర్తయిన ప్రాసాదమది. ఒకప్పుడు 45 ఎకరాల్లో ఉండేదట. ఇప్పుడు మిగిలింది దాదాపు 12 ఎకరాలే అయినా, దక్షిణపు ఆవరణలో ఎదురెదురుగా నిలిచిన నాలుగు మహళ్లను చూడటానికే మోకాళ్ల నొప్పులున్న మా వంటివారికి గంట పడుతుంది. ఇక ఉత్తరపు ఆవరణలోని ఖిల్వత్ ముబారక్ దర్బారు మందిరంలో పాలరాతి గద్దె ముందు నిలబడి, పైన వేలాడే 19 బెల్జియం షాండ్లియర్లను తలెత్తి లెక్కపెడుతుండగా, పదకొండు దాకా వచ్చేసరికి మా వెంట వచ్చిన మనిషి "ఫొటోలు దిగుండ్రి, బస్సు కాడికి పోవాలె" అని తొందరపెట్టాడు. ఆ గద్దె మీద ఎవరు కూర్చునేవారో, ఎదుట ఎవరు ఏ వరసలో నిలిచేవారో అడిగితే, "అన్నీ బోర్డు మీద ఉంటయి సార్" అన్నాడు.

మాలో ఒకాయనది హైదరాబాదు చుట్టుపక్కల ఉన్న పాత సర్ఫెఖాస్ గ్రామం. నిజాం సొంత ఖర్చులకే ఆదాయం చేరే ఆ భూములు 1949లో ప్రభుత్వ ఆధీనంలోకి వచ్చేదాకా ఆయన తాత శిస్తు కట్టినవాడే. షాండ్లియర్ల కింద నిలబడి ఆయన, "మా తాత పైసలు ఎటు పోయినయో ఇన్నాళ్లకు కండ్లార చూసిన" అన్నారు. అందరం నవ్వాం గానీ, ఆ రోజు ఆ కట్టడం గురించి మాకు తెలుగులో వినిపించిన చరిత్ర ఆ ఒక్క మాటే.

ఇది ప్యాలెస్ నిర్వాహకుల మీద ఫిర్యాదు కాదు. నిజాం కుటుంబం ఏళ్ల తరబడి శ్రద్ధగా బాగుచేయించి 2005లో ప్రజలకు తెరిచిన ఆ ప్రాసాదానికి 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం కూడా వచ్చింది. తోటలు, తొట్లు, గోడల మీది గచ్చు పూలు చక్కగా ఉన్నాయి. లోటు మా వంటి బృందాలను తీసుకువచ్చే పద్ధతిలో ఉంది. కనుక మీ శాఖ గుర్తింపు కోరే ప్రతి యాత్రా సంస్థ ఒక్కరోజు పట్టికలో ఎన్ని స్థలాలు పెట్టవచ్చో, ఇలాంటి దివాణాలకు కనీసం ఎంత సమయం ఇవ్వాలో షరతుగా పెట్టండి. చౌమహల్లాకు రెండు గంటలు తక్కువేమీ కాదు, ఎక్కువా కాదు. తెలుగులో కథ చెప్పగల గైడ్లకు మీ శాఖే శిక్షణ ఇచ్చి గుర్తింపు కార్డులివ్వాలి. ఉర్దూ దస్తావేజులు చదవగలిగిన విశ్రాంత రెవెన్యూ ఉద్యోగులు, చరిత్ర అధ్యాపకులు ఈ పనికి సంతోషంగా వస్తారని నా నమ్మకం. వృద్ధుల బస్సులు ద్వారానికి వీలైనంత దగ్గరగా దింపి వెళ్లేందుకు పోలీసు శాఖతో మాట్లాడి ఒక చోటు చూపితే, సందుల్లో నడకకే సగం ఓపిక అయిపోకుండా ఉంటుంది.

మా సంఘంలో ఈసారి రాలేకపోయినవారు సంక్రాంతి తరువాత బయలుదేరాలనుకుంటున్నారు. వారి పట్టికలో ఆ రోజుకు చౌమహల్లా ఒక్కటే ఉంచమని ఇప్పటికే చెప్పాను. వారికి తెలుగులో చెప్పే మనిషిని ఎక్కడ అడగాలో మీ కార్యాలయం తెలియజేయగలదని ఆశిస్తూ,

భవదీయుడు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు